ఎక్కడి వాన, ఎవరి పంట

మహాబలేశ్వరం కొండల మీద ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అక్కడి నుంచి తూర్పుగా వంద కిలోమీటర్లు వస్తే చాలు, అదే సతారా జిల్లాలో ఐదారు వందల మిల్లీమీటర్లకే మొహం వాచిన ఊళ్లు కనిపిస్తాయి. ఆ కొండల్లో పుట్టిన కృష్ణ దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దివిసీమలో సార్వా నాట్లకు వదిలే కాలువ నీళ్లు, హైదరాబాద్ కుళాయిల్లోకి వచ్చే కృష్ణా నీళ్లు, కండలేరు మీదుగా చెన్నై పూండి జలాశయానికి చేరే తెలుగుగంగ నీళ్లు... వీటన్నింటిలో పెద్ద వాటా పడమటి కనుమల్లో పడిన వానే. నాటు వేసే కూలీకి గానీ, బిందె పట్టుకునే ఇల్లాలికి గానీ ఆ కొండలతో పరిచయం లేదు. ఆ కొండల్లో పశువులు కాచుకునేవాళ్లు దివిసీమ పేరు విని ఉండరు. అయినా వీళ్ల అన్నం, వాళ్ల అడవి ఒకే నదికి వేలాడుతున్నాయి.

ప్రకృతి చేసే మేలు గురించి మాట్లాడేటప్పుడు మనం దాని పుట్టుక దగ్గరే ఆగిపోతాం. అడవి ఉంటే నీళ్లు, చెరువు ఉంటే ఊరికి చలవ, మడ అడవి ఉంటే తుపానుకు అడ్డు అంటాం. అందులో తప్పు లేదు గానీ, అది సగం మాటే. 1997లో రాబర్ట్ కోస్టాంజా, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. ప్రపంచం మొత్తం మీద ప్రకృతి మనిషికి చేసే సేవల విలువ ఏడాదికి సుమారు 33 లక్షల కోట్ల డాలర్లని తేల్చారు. ఆ అంకె ఎంతోమంది కళ్లు తెరిపించింది. కానీ ఏ కొండ మీది అడవి ఏ ఊరికి ఎంత మేలు చేస్తోంది, ఆ మేలు మధ్యలో ఎక్కడ ఆగిపోతోంది అన్నది అంత పెద్ద మొత్తంలో కనబడదు. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో కొన్ని ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. మేలు పుట్టే చోటు ఒకటి, అది ప్రయాణించే దారి ఒకటి, దాన్ని అందుకునే జనం ఉండే చోటు ఒకటి. మూడింటినీ విడివిడిగా పటాల మీద గీసి, తర్వాత కలిపి చూడాలి. పుట్టే చోటును కాపాడాలని చట్టాలున్నాయి. అందుకునే చోట అడిగే నోళ్లున్నాయి. మధ్యలో ఉన్న దారికే దిక్కు లేదు. మనం ఎక్కువగా పోగొట్టుకుంటున్నది దాన్నేనని నా నమ్మకం.

దారి అన్ని మేళ్లకూ ఒకేలా ఉండదు. బీర పువ్వు సాయంత్రం పొద్దు వాలే వేళకు విచ్చుకుంటుంది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. మగ పువ్వులో పుప్పొడి ఆడ పువ్వును చేరాల్సింది ఆ కొద్ది గంటల్లోనే, అదీ తేనెటీగో మరో పురుగో మోసుకొస్తేనే. ఆ పురుగుల గూళ్లు పొలం గట్టు మీది చెట్టుకో, పక్క తుప్పల్లోనో, దగ్గరి గుట్టలోనో ఉండాలి. వాటిలో చాలా రకాలు కిలోమీటరో రెండు కిలోమీటర్లో దాటి పోవు. అంటే నల్లమల ఎంత పచ్చగా ఉన్నా, ముప్పై కిలోమీటర్ల అవతలి బీరపాదులో పిందె కట్టించలేదు. ఆ రైతుకు కావలసింది తన గట్టు మీద నాలుగు చెట్లు, పూత మీద మందు కొట్టకుండా ఉండే జాగ్రత్త. చెట్లు పీల్చే కార్బన్ సంగతి దీనికి పూర్తిగా వేరు. కోరింగలో మడచెట్టు పీల్చినా, అమెజాన్‌లో మహావృక్షం పీల్చినా ఆ మేలు భూగోళమంతటికీ సమానమే. దానికి దారీ లేదు, దూరమూ లేదు. నీళ్లు అలా కాదు. నీరు పల్లమెరుగు. పైన ఉన్నవాడు చేసే ప్రతి పనీ కింద ఉన్నవాడికి తగులుతుంది. కిందివాడు ఎంత మొత్తుకున్నా పైవాడికి వినపడదు. నీళ్ల తగవులు అంత మొండిగా ఉండటానికి మూలం అక్కడే ఉంది.

కృష్ణ దగ్గరికే వద్దాం. నైరుతి మబ్బులను పడమటి కనుమలు అడ్డుకుని కురిపిస్తాయి. అడవి పని ఆ తర్వాత మొదలవుతుంది. ఆకులు రాలి కుళ్లిన మెత్తటి నేల, వేళ్లు పోయిన సందులు, వానపాములు చేసిన బొరియలు కలిసి వాన నీటిని లోపలికి తీసుకుంటాయి. ఆ నీరు ఊటలుగా, సెలయేళ్లుగా నెమ్మదిగా బయటికి వస్తుంది. అడవి పోయి నేల గట్టిపడితే అదే వాన పైపైనే జారిపోతుంది, మట్టిని వెంటబెట్టుకుని మరీ పోతుంది. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే పాఠకుడికి అన్యాయం చేసినట్టే. చెట్లు నాటితే చాలు, నదిలో నీళ్లు పెరుగుతాయన్న నమ్మకం ఎల్లవేళలా నిజం కాదు. చెట్టు కూడా నీళ్లు తాగుతుంది. పచ్చికబయళ్లు ఉండాల్సిన చోట వేగంగా పెరిగే తోటలు వేస్తే ఎండాకాలంలో వాగు ఇంకా ముందే ఎండిపోవచ్చు. పాత అడవి గొప్పతనం దాని నేలలో ఉంది. అది ఒక్క ఏడాది మొక్కలు నాటే కార్యక్రమంతో తిరిగి రాదు.

ఆ కొండల్లోనే దారి రెండుగా చీలుతుంది. కోయన కృష్ణకు ఉపనది. అది సహజంగా తూర్పుకే పారాలి. కానీ దాని మీద కట్టిన ఆనకట్ట నుంచి నీళ్లను సొరంగాల గుండా పడమటికి మళ్లించి, దాదాపు అర కిలోమీటరు కిందికి దూకించి కరెంటు తీస్తారు. ఆ నీళ్లు వాశిష్ఠి నదిలో కలిసి అరేబియా సముద్రంలోకి పోతాయి. ఇలా ఏటా 67.5 టీఎంసీల దాకా మళ్లించుకోవడానికి, రాష్ట్రాల మధ్య కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రైబ్యునల్ మహారాష్ట్రకు అనుమతినిచ్చింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో అయితే సుమారు 2,832 కోట్లు. ఒకే కొండ, ఒకే వాన. తూర్పుకు పారితే వరి, పడమటికి దూకితే కరెంటు. అడవి ఇచ్చిన మేలు ఎంత అన్న ప్రశ్నకు దారి తెలిస్తే తప్ప జవాబు చెప్పలేం. మహారాష్ట్రలో ఫ్యాను తిరగాలా, తెనాలి చేను తడవాలా అన్నది కొండ నిర్ణయించలేదు. మనుషులే నిర్ణయించారు. ఆ ట్రైబ్యునల్ నూటికి 75 ఏళ్లు నమ్మకంగా దొరికే 2,060 టీఎంసీలను లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచింది. ఆ పంపకం మీద వాదనలు నేటికీ తెగలేదు.

ఆ పంపకంలో నీళ్లున్నాయి, ఒండ్రు లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇదే. కృష్ణా డెల్టా అన్నదే నది మోసుకొచ్చిన మట్టి. వేల ఏళ్ల పాటు దక్కన్ నల్లరేగడిని, కొండల ఎర్రమట్టిని ఏరుకుని వచ్చి పరిచిన పొలం అది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కూడా వరద నీళ్లతో మట్టి కిందికి దిగుతూనే ఉంది. పెద్ద జలాశయాలు వచ్చాక కథ మారింది. నిలిచిన నీళ్లలో మట్టి అడుగుకు దిగిపోతుంది. నాగార్జునసాగర్ నిల్వ సామర్థ్యం మొదట 408 టీఎంసీలు. పూడిక పేరుకున్నాక ఇప్పుడు లెక్కలోకి తీసుకునేది 312. శ్రీశైలం కట్టినప్పుడు 308, ఇప్పుడు 215 దాటి కొంచెం. ఎగువన తుంగభద్ర 133 నుంచి 105కు దిగింది. శ్రీశైలంలో పూడిక తినేసిన చోటు ఒక్కటే 90 టీఎంసీలకు పైమాట. హైదరాబాద్ తాగునీటికి మూడు దశల్లో కృష్ణ నుంచి కేటాయించినది 16.5 టీఎంసీలు. దానికి ఐదింతలకు మించిన నీళ్లు పట్టే జాగాను మట్టి ఆక్రమించింది.

ఆ మట్టి ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. ఎగువ పొలంలో ఉంటే సారం. డెల్టాకు చేరితే కొత్త నేల, సముద్రానికి అడ్డు. జలాశయం అడుగున మాత్రం ఎవరికీ కాకుండా పోయిన బరువు. కృష్ణా గోదావరి డెల్టాల తీరం వెనక్కి తగ్గడానికి, ఆనకట్టల వెనక మట్టి ఆగిపోవడానికి సంబంధం ఉందని విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపించారు. తీరంలో కోత పడిన ఊరివాళ్లు సముద్రాన్ని తిట్టుకుంటారు. తగవు నిజానికి సముద్రంతో కాదు, వందల కిలోమీటర్ల ఎగువన ఆగిపోయిన మట్టితో.

చిన్న చెరువుల్లో మాత్రం ఈ దారిని మనుషులు వెనక్కి తిప్పగలరు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకున్నారు. తవ్విన పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకున్నారు. మన పెద్దలు ఎడ్లబండ్ల మీద ప్రతి ఎండాకాలం చేసిన పనే అది. వాన మట్టిని పొలం నుంచి చెరువుకు తెస్తుంది, మనిషి చెరువు నుంచి పొలానికి తీసుకుపోతాడు. చెరువులో నీటికి జాగా, చేలో మట్టికి సారం. శ్రీశైలానికి ఆ వైద్యం చేయడం అంత సులువు కాదు.

దారి తెగితే ఏమవుతుందో దగ్గరగా చూడాలంటే హైదరాబాద్ చుట్టుపక్కల గొలుసుకట్టు చెరువులను చూడాలి. పై చెరువు నిండి మత్తడి దూకితే, ఆ నీళ్లు ఒర్రెలో పడి కింది చెరువులోకి పోతాయి. అది నిండితే మరో చెరువు. అలా మూసీ దాకా. కట్ట, తూము, మత్తడి ఎంత ముఖ్యమో, రెండు చెరువుల నడుమ ఉన్న ఆ ఒర్రె అంతే ముఖ్యం. ఊరికి నీళ్లు చూసుకునే నీరటి ఉన్న కాలంలో వానకు ముందే ఆ ఒర్రెలో పెరిగిన తుమ్మ కంపను కొట్టించేవారు. ఇప్పుడు చెరువుకు హద్దురాళ్లు ఉంటాయి, ఎఫ్‌టీఎల్ (నిండు మట్టం) బోర్డు ఉంటుంది, చుట్టూ నడక బాట కూడా వేస్తారు. ఒర్రె మీద మాత్రం లేఅవుట్ ప్రహరీ లేస్తుంది. గోడ కింద రెండడుగుల సిమెంటు గొట్టం ఒకటి పెట్టి పని అయిందనిపిస్తారు. నాలాకు కూడా బఫర్ వదలాలని నిబంధనలు ఉన్నాయి గానీ, ఎండాకాలంలో కొనుక్కునేవాడి కంటికి అది ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. మామూలు వానకు కింది చెరువులోకి చుక్క రాదు. పెద్ద వానకు అదే నీరు గోడలు పడదోసుకుని కాలనీల మీదికి వస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు ఎన్నో కాలనీల్లో జరిగింది ఇదే. అక్కడ చెరువులు చాలావరకు ఉన్నాయి. వరదను తమలో ఇముడ్చుకునే శక్తీ కొంత ఉంది. ఆ శక్తికీ జనానికీ నడుమ ఉండాల్సిన దారి లేదు.

అదే మూసీ మీద ఇంకో పాఠం ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమందిని మింగేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాటి నుంచి నగరం రెండు మేళ్లు ఆశించింది. ఒకటి వరద నుంచి రక్ష, రెండోది తాగునీరు. రక్ష కావాలంటే వానాకాలంలో జలాశయంలో కొంత ఖాళీ ఉండాలి. తాగునీరు కావాలంటే నిండుగా ఉండాలి. ఒకే చెరువు నుంచి ఒకే ఊరు అడిగే రెండు కోరికలు ఒకదానితో ఒకటి పడవు. గేట్ల దగ్గర నిలబడిన ఇంజినీరు ప్రతి భారీ వానకూ వాటి మధ్య తీర్పు చెప్పాల్సి వస్తుంది. ఇక ఎగువ పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో 111 నంబరు జీవో తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. ఆంక్షల బరువంతా ఆ ఊళ్ల రైతుల మీద పడింది, ఫలం నగరానికి దక్కింది. తమ భూమి ధర పడిపోయిందన్న వాళ్ల ఆవేదనను స్వార్థమని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. ఆ జీవో అవసరమే. దాని మూల్యాన్ని నగరం పంచుకోకపోవడమే లోపం.

అందుకునే చోటు సంగతి చూద్దాం. అవసరం ఉన్నంత మాత్రాన మేలు నడిచి రాదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకలు వంచింది. ఆ జిల్లా అంచునే నాగార్జునసాగర్ ఉంది. మంచినీళ్లు ఉన్నాయి, అవి కావలసిన మనుషులు ఉన్నారు, దూరం కూడా ఎక్కువేమీ కాదు. వాళ్ల దాకా తెచ్చే కాలువ, గొట్టం మాత్రం దశాబ్దాల పాటు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి నిలిచారు. గెలవడానికి కాదు, తమ నీళ్ల గోసను దేశం కళ్ల ముందు పెట్టడానికి. బ్యాలెట్ పత్రమే ఒక పుస్తకంలా తయారైంది. సాగర్ నీళ్లు వంద కిలోమీటర్లు దాటి హైదరాబాద్‌కు చేరుకోగలిగాయి. ఎత్తిపోయడానికి డబ్బు, అడగడానికి బలం ఉన్నచోటికి దారి త్వరగా పడుతుంది. కాబట్టి గిరాకీ లెక్క వేసేటప్పుడు ఎవరు ఎంత వాడుకుంటున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎవరికి అవసరం ఉండి కూడా అందడం లేదన్నది చూడాలి. దివిసీమ చివరి భూముల రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. కాలువ మొదట్లో ఉన్న పొలం తడిశాకే కదా తన వంతు.

సముద్రం అంచున మేలు ఇంకో రూపంలో ఎదురవుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మడ అడవి ఉప్పెన వేగాన్ని తగ్గిస్తుందని మత్స్యకారులకు ముందే తెలుసు. లెక్కలతో చూపినవారు సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్. 1999 ఒడిశా మహా తుపాను తర్వాత కేంద్రపడ జిల్లాలో 400కు పైగా ఊళ్ల వివరాలు తీసి పరిశీలిస్తే, తీరానికీ తమకూ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో చనిపోయినవారు తక్కువని తేలింది. ముందస్తు హెచ్చరిక అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా వాళ్లే రాశారు. అడవిని ప్రేమించేవాళ్లం ఆ రెండో మాటను దాచకూడదు. ఈ అధ్యయనంలో గమనించాల్సిన విషయం అడవి ఎన్ని ఎకరాలన్నది కాదు, ఎక్కడ ఉందన్నది. అలకూ ఊరికీ నడుమ ఉన్న అడవే ఊరిని కాచింది.

అయితే మడ అడవి మేలు ఒక్కటే కాదు, ఒక్క దారినా పోదు. ఉప్పుటేర్లలో మడ వేళ్ల మధ్య పెరిగిన రొయ్య పిల్లలు ఎదిగి సముద్రంలోకి పోతాయి. మచిలీపట్నం, నిజాంపట్నం పడవల వలల్లో పడి, ఐసు పెట్టెల్లో ఎక్కడెక్కడికో చేరతాయి. రక్ష దగ్గరి ఊరికి, రొయ్య దూరదేశానికి. ఈ అడవి ఎండిపోయినచోట ఏం చేయాలో కృష్ణా, గోదావరి మడల్లో అటవీ శాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ చేసి చూపించాయి. ముందు మొక్కలు నాటలేదు. చేప వెన్నుముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటుకు ఉప్పునీరు లోపలికి వచ్చి, పాటుకు వెనక్కి పోతుంది. నిలిచి ఉప్పు పేరుకున్న నేల అలా కడుక్కుపోయాక మొక్క బతికింది. దారి బాగుపడితే పుట్టుక కూడా బాగుపడుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పైవాడి శ్రమకు కిందివాడు ఏమివ్వాలన్నది చివరికి మిగిలే ప్రశ్న. న్యూయార్క్ నగరం 1997లో ఎగువన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. వేల కోట్లు పోసి నీటి శుద్ధి కేంద్రం కట్టుకునే బదులు, ఆ పరీవాహకాన్ని శుభ్రంగా ఉంచడానికి అక్కడి రైతులకు, ఊళ్లకు డబ్బు ఇస్తోంది. అంత దూరం పోనక్కర్లేదు. హిమాచల్ ప్రదేశ్‌లో పాలంపూర్ పట్టణం తనకు నీళ్లిచ్చే బోహల్ ఊట పైనున్న అడవిని కాపాడినందుకు ఎగువ ఊళ్ల వాళ్లకు ఏటా కొంత సొమ్ము ఇచ్చేలా 2010లో ఒప్పందం రాసుకుంది. దేశ స్థాయిలో 14వ ఆర్థిక సంఘం పన్నుల వాటా పంచేటప్పుడు అడవుల విస్తీర్ణానికి 7.5 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. 15వ సంఘం దాన్ని 10 శాతం చేసింది. మంచి అడుగే. కానీ ఆ డబ్బు రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. కొండ మీది ఊరికి చేరుతుందన్న హామీ లేదు. డబ్బుకు కూడా దారి కావాలి.

2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ప్రకృతి లెక్కలకు ఒక పద్ధతిని ఆమోదించింది. ఏ నేల ఏ సేవ ఇస్తోంది, దాన్ని ఎవరు వాడుకుంటున్నారు అని రెండు వైపులా పట్టికలు రాయమంటుంది. అంతకుముందు దాన్ని ప్రయోగాత్మకంగా పరీక్షించిన ఐదు దేశాల్లో భారత్ ఒకటి. కృష్ణకు అలాంటి పట్టిక నాలుగు రాష్ట్రాలూ కలిసి రాయాలి. అందులో టీఎంసీల పక్కన టన్నుల మట్టి ఉండాలి, పరీవాహకంలో అడవి ఎంత మిగిలిందో ఉండాలి, చివరి భూములకు నీరు అందిన రోజులు ఉండాలి. అది కుదిరేలోగా మన చేతిలో ఉన్న పనులు ఉన్నాయి. హైదరాబాద్ నీటి బిల్లులో కొంత భాగం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎగువ ఊళ్లకు వెళ్లేలా చేయడానికి ట్రైబ్యునల్ అక్కర్లేదు. చెరువుల మధ్య ఒర్రెలను సర్వే నంబర్లతో సహా గుర్తించి, లేఅవుట్ అనుమతికి ముందే పటంలో చూపించడానికి పొరుగు రాష్ట్రం సంతకం అవసరం లేదు. శ్రీశైలం చుట్టూ నల్లమల వాలుల్లో మట్టి కోతను ఆపే పనిని అటవీ శాఖ పద్దులో మాత్రమే కాక, ప్రాజెక్టు నిర్వహణ ఖర్చులో కూడా చేర్చాలి. గేట్లకు రంగు వేయడం నిర్వహణే అయితే, ఆ గేట్ల వెనక నీళ్లకు చోటు మిగిల్చే పని అంతకంటే ముందు రావాలి.